దిండి పడవలో మధుసూదన్ ఉద్యోగం

మధుసూదన్‌ది కదిరి వైపు. చిన్నప్పుడు అతను చూసిన నీళ్లన్నీ బిందెల్లోనివే. రాయదుర్గంలో ఒకే సాఫ్ట్‌వేర్ కంపెనీని పట్టుకుని పన్నెండేళ్లుగా నెట్టుకొస్తున్నాడు. సెలవు పెట్టడమంటే అతని దృష్టిలో తప్పు చేయడమే. అలాంటి మనిషిని దిండిలో హౌస్‌బోట్ ఎక్కించిన ఘనతంతా భార్య జయంతిదే. ఆమె తండ్రి పట్టాభిరామయ్య గారు కాలవల శాఖలో రిటైరై, మణికొండలో వీళ్లతోనే ఉంటున్నారు. ఒక్క రోజు గోదావరి మీద నిమ్మళంగా తిరగాలని పెద్దాయనకు ఎప్పటినుంచో కోరిక.

పడవ రేవు వదలగానే మామగారు నదికి దణ్ణం పెట్టారు. అల్లుడు ఫోన్లో ఆఫీసు మెయిల్ తెరిచాడు. అది తెరుచుకోలేదు. మీకు ప్రవేశం లేదంది. పాస్‌వర్డ్ మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే మాట. ఇంకోసారి కొట్టేలోపు సిగ్నలే పోయింది.

రాయదుర్గంలో పనిచేసేవాడికి దీని అర్థం ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. అక్కడ ఉద్యోగం పోయిన కబురు మేనేజర్ నోట్లోంచి రాదు, ముందు లాగిన్ ఆగిపోతుంది. పోయిన నెల పక్క టీమ్‌లో ఒకావిడ టీ తాగి వచ్చేసరికి ఆమె ల్యాప్‌టాప్ ఆమెనే లోపలికి రానివ్వలేదు. ఈ వారం ఇంకొందరు పోతారని క్యాంటీన్లో గుసగుసలు. ఇవేవీ జయంతికి చెప్పలేదు మహానుభావుడు. చెబితే ఎక్కడ నిజమైపోతుందోనని భయం.

"సిగ్నల్ యాడ వస్తుందప్పా?" అని పడవ నడిపే రాజును అడిగాడు.

"ఈ లంకల్లో ఎవరికీ అందదండి. మళ్లీ రేవు దగ్గరేనండి."

"అయితే కొంచెం స్పీడుగా పోనీ."

పట్టాభిరామయ్య గారు కుర్చీలోంచి చెయ్యెత్తారు. "వద్దు బాబూ, నెమ్మదిగానే పోనివ్వు. తొందరెందుకండీ అల్లుడు గారూ? ఇవాళ మనకి పనేముంది?"

పనేముంది అన్న మాటకు మధుసూదన్ ఫోన్ మళ్లీ తీసి చూసుకున్నాడు.

ఇక ఆ పడవ నడక ఏం చెప్పను! గట్టు మీద మేస్తూ పోతున్న గేదె కూడా వీళ్లను దాటి ముందుకెళ్లింది. ఎటు చూసినా అవే కొబ్బరిచెట్లు. మధ్యాహ్నం వేడివేడిగా పనసపొట్టు కూర వడ్డించారు. ఏం తింటున్నాడో అతనికే తెలియలేదు. నలభై నాలుగేళ్లవాణ్ణి ఇప్పుడెవరు తీసుకుంటారు? రేపటినుంచి పొద్దున లేచి ఎక్కడికెళ్లాలి? పక్క సీటు వీరేశం గుర్తొచ్చాడు. సిద్దిపేట మనిషి, ఆరేళ్లుగా ఇద్దరూ ఒకే బల్ల మీద అన్నం డబ్బాలు విప్పుకుంటున్నారు. ఇద్దరిలో ఒకరిని తీయాలంటే నాకన్నా వెనక చేరిన వీరేశాన్ని తీయొచ్చు కదా దేవుడా అనుకున్నాడు. ఆ క్షణంలో అతనికి అది న్యాయంగానే తోచింది.

"అదిగో అల్లుడు గారూ, ఆ పాయ చూశారా? మా రోజుల్లో..."

"చూసినాను లెండి! ఎన్నిసార్లు చూడాల?"

పెద్దాయన చూపించిన చెయ్యి దించేసుకున్నారు. జయంతి విసురుగా వచ్చింది. "ఏమైంది నీకు? నాన్నని అలా కసురుతావేంటి?"

"నా ఉద్యోగం పోయింది జయంతీ." లాగిన్ సంగతీ క్యాంటీన్ గుసగుసలూ అన్నీ చెప్పేశాడు. ఆమె పక్కన కూర్చుని అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

పట్టాభిరామయ్య గారు లేచి రాజు దగ్గరికెళ్లారు. "ఇంక వెనక్కి తిప్పేయ్ బాబూ. ఎంత తొందరగా పోతే అంత తొందరగా పోనివ్వు."

రేవు కనబడగానే ఫోన్ వణకడం మొదలుపెట్టింది. మొదట కనిపించింది ఆఫీసు హెల్ప్‌డెస్క్ మెసేజ్. పాస్‌వర్డ్ గడువు తీరింది, మార్చుకోండి. వారం రోజులుగా అది గుర్తుచేస్తూనే ఉంది, మనవాడే పని తొందరలో ప్రతిసారీ వేలితో పక్కకు తోసేశాడు. అక్కడికక్కడే మార్చాడు. మెయిల్ తెరుచుకుంది.

"ఉంది! నా ఉద్యోగం ఉంది!" అని పడవంతా అదిరేలా అరిచాడు. జయంతి ఏడుస్తూనే అతని వీపు మీద ఒక్కటి చరిచింది. మామగారు కళ్లు తుడుచుకున్నారు.

అంతలో ఫోన్ మోగింది. వీరేశం.

"అన్నా, పొద్దుగాల నుంచి చేస్తున్న, కలుస్తలేదు. నీది ఉన్నదా?"

"ఉంది వీరేశం. పాస్‌వర్డ్..."

"బతికించినవ్ అన్నా! నాది పోయింది. నీది గూడ పోయిందేమోనని దినమంతా పరేషాన్ అయిన. నీదన్న మిగిలింది, గదే చాలు."

పడవలో కూర్చుని దేవుణ్ణి మధుసూదన్ అడుక్కున్నది సరిగ్గా ఇదే.