స్ప్రింగులు కోయని మిస్త్రీ

కరీంనగర్ బైపాస్ పక్కన కార్ల చక్రాలు సరిచేసే మా మిస్త్రీ రెండు వారాల కింద శుక్రవారం తెల్లారేసరికి చనిపోయాడు. నిద్రలోనే గుండె ఆగిందట. ఆ కబురు మా మనవడే తెచ్చాడు. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. ఒక్క మాట మెత్తగా మార్చినా ఊరుకోనని ముందే చెప్పాను. ఎందుకంటే ఆ మనిషి పాడె లేవకముందే, కారు ప్రమాదంలో కాలు విరిగిన ఒక పిల్లవాడి తండ్రి, "పోరగాళ్ల బండ్లు ఆగం చేసి నా కొడుకు కాలు తీసిండు" అన్నాడు. పదిమంది తలలూపారు. నేను ఊపలేదు. జరిగింది నా కళ్లముందు జరిగింది.

మాది గోదావరిఖని. మా ఇంటాయన బొగ్గుబావిలో పనిచేసి పోయాడు. మనవడికి కారు పిచ్చి. ఆదివారం వచ్చిందంటే నిర్మల్ అవతలి ఘాట్ మలుపులు ఎక్కి దిగి రాకపోతే వాడికి అన్నం సహించదు. మలుపులో బండి ఒరుగుతోంది, గట్టి షాకులు వేసి బండిని కాస్త కిందికి దింపాలని మిస్త్రీ దగ్గరకు పోయాడు. ఆయన తిట్టలేదు. ఉరికించడం తప్పు కాదు, ఉరికేదాన్ని చేతిలో పెట్టుకోవడం రావాలి అన్నాడట. ముందు టైర్లలో గాలి చూశాడు. అరిగిపోయిన రబ్బరు బుష్‌లు మార్చాడు. ఆ తర్వాతే కొత్త షాకులు, వాటికి జోడైన పొట్టి స్ప్రింగులు. స్ప్రింగు ఎగరేస్తుంది, షాకు ఆ ఎగురుడును ఆపుతుంది. ఒకదాన్ని మార్చి ఇంకొకదాన్ని వదిలేస్తే మొగుడొక ఊళ్లో పెళ్లామొక ఊళ్లో కాపురం చేసినట్టేనని ఆయన మాట.

ఇవన్నీ అయ్యాక చివరికి చక్రాల వంపు సరిచేసే అలైన్‌మెంట్. దానికి నన్ను పిలిపించాడు. వెనక సీటు ఎడమపక్క అణిగిపోయి ఉండడం చూసి, ఇక్కడ కూర్చునేది ఎవరని అడిగాడట. ప్రతి సోమవారం నన్ను ఆసుపత్రికి తీసుకుపోయేది ఆ కారులోనే. ఖాళీ బండికి కొలతలు తీయడం ఆయనకు నచ్చదు. రోజూ ఎవరు ఎక్కుతారో వాళ్లు కూర్చున్నాకే చక్రం ఎంత వంగిందో, ఎటు చూస్తోందో కొలుస్తాడు. నాకు కోపం వచ్చింది.

"నేనేమన్న బియ్యం బస్తనా, బరువు కోసం కూసోబెడ్తవ్?"

"బస్త నోరు మూసుకొని కూసుంటది అవ్వా. గంతే ఫరక్."

నాకు నవ్వొచ్చింది, కూర్చున్నాను. మలుపులో పట్టు దొరకాలంటే ముందు చక్రాల పైభాగం లోపలికి బాగా వంచాలని మనవడి పట్టు. మిస్త్రీ కొంచెమే వంచాడు. ఎక్కువ వంచితే టైరు లోపలి అంచు అరిగిపోతుందట, బ్రేకు నొక్కితే నేలకు ఆనాల్సినంత టైరు ఆనదట. మనవడు వినలేదు. అప్పుడు ఆయన, "ఘాట్ల నువ్వుండేది గడియసేపు. అవ్వ ఈ బండ్ల ఏడాదంత కూసుంటది" అన్నాడు. మనవడు సరేనన్నాడు. ఆ రోజు నుంచి ఆ మిస్త్రీ నా మనిషి అయిపోయాడు.

బిగించిన స్ప్రింగును ఆయన పానాతో తట్టి, చెవిని దగ్గరగా పెట్టి వినేవాడు. మా ఇంటాయన కూడా బావిలో పైకప్పును కర్రతో తట్టి, చప్పుడు విన్నాకే దాని కింద అడుగుపెట్టేవాడు. అలా తట్టి వినే మనుషులను నేను నమ్ముతాను.

నేను ఇంకా సీటులో ఉండగానే, తర్వాత కాలు విరగ్గొట్టుకున్న ఆ పిల్లవాడు తన కారుతో వచ్చాడు. పేరు చెప్పను. కొత్త స్ప్రింగులు వచ్చేదాకా ఆగే ఓపిక వాడికి లేదు. ఉన్నవాటినే రెండు చుట్లు కోసేస్తే బండి సాయంత్రానికి కిందికి దిగుతుందన్నాడు. మిస్త్రీ నా పని ఆపి, చేతులు తుడుచుకుని, వాణ్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కోసిన స్ప్రింగు గూటిలో కుదురుగా ఉండదు, గుంతలో బండి ఎగిరితే పక్కకు జారుతుంది, అప్పుడు స్టీరింగ్ నీ మాట వినదు అని చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. వాడు బతిమాలాడు. తర్వాత ఎగతాళి చేశాడు.

"నీకు భయమైతే కోసేటోళ్లు మస్తుమంది ఉన్నరు."

"ఉంటరు బిడ్డా. నేను మాత్రం కొయ్య."

వాడు వెళ్లిపోయి ఇంకెక్కడో కోయించుకున్నాడు. వానాకాలంలో ఘాట్ మలుపులో వాడి బండి రోడ్డు దిగి బండను గుద్దింది. తండ్రి వాణ్ని ముందే, పనేదైనా ఈ మిస్త్రీ దగ్గరే చేయించుకోమన్నాడు. అందుకని భయపడి, చేసింది మిస్త్రీయేనని వాడు ఆసుపత్రి మంచం మీద చెప్పేశాడు. బండిని అక్కడికక్కడే తుక్కు కింద ఇచ్చేశారు, ఎవరూ తిప్పి చూడలేదు. తండ్రి ఆ మాట బజారంతా చెప్పాడు. మిస్త్రీ ర్యాంపు మీద బండ్లు తగ్గిపోయాయి.

నేను పోయి ఆయన్ని నిలదీశాను. నేను సాక్షిని, నలుగురిలో చెబుతాను, నువ్వెందుకు నోరు తెరవవు అన్నాను. ముందు నాకు చాయ్ తెప్పించాడు.

"పోరని కాలు ఇరిగింది అవ్వా. వాని ఇజ్జత్ గూడ ఇరగ్గొడుదమా? నడవనియ్ ముందుగాల. నడిస్తే వాడే చెప్తడు."

ఎవరికీ చెప్పనని నా దగ్గర మాట తీసుకున్నాడు. పిల్లవాడు నడిచాడు కానీ చెప్పలేదు. రెండు నెలలు ఎదురుచూసి మిస్త్రీ కన్నుమూశాడు.

ఆయన పోయిన మూడో రోజు ఆ పిల్లవాడి ఇంటికి వెళ్లాను. "నీ కోసమే ఆయన నోరు మూసుకున్నడు. నేను గూడ మూసుకున్న. ఇగ నాతోని కాదు. దినాలు అయ్యేలోపు నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?" అన్నాను. వాడు కుంటుకుంటూ తండ్రి అన్నం తింటున్న గదిలోకి వెళ్లాడు. లోపల ఏమన్నారో వినడానికి నేను ఆగలేదు.

పదకొండో రోజు మిస్త్రీ ఇంటి ముందు టెంటు కింద అందరం కూర్చున్నాం. ఆ తండ్రి వచ్చాడు. లోపలికి రాకుండా గేటు దగ్గరే ఆగాడు. నేను లేచి ఆయన దగ్గరకు పోయాను. ఎంతమందికి ఆ మాట చెప్పిందీ తనకే యాది లేదని, ఇంటింటికీ పోయి వెనక్కి తీసుకోలేనని, కొడుకు పేరు వదిలేసి పత్రికలో వేయించమని అడిగాడు. అందుకే ఇది రాయించాను. మిస్త్రీ ఎవరి స్ప్రింగూ కోయలేదు.

లోపలికి రమ్మంటే ఆయన రాలేకపోయాడు. చెప్పులు గేటు బయటే విడిచాడు. మిస్త్రీ భార్య ఆయన్ని చూసింది. లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆయన రెండు చేతులతో పట్టుకున్నాడు గానీ నోటిదాకా ఎత్తలేదు. ఆయన తాగాక చెంబు తీసుకోవడానికి ఆమె చేయి చాపి, ఆ ఎండలో అలాగే నిలబడి ఉంది.