మా పెద్దమ్మ కొన్న చవక కత్తి

నా చిన్నప్పుడు మలయ్ దేశంలో నేను రెండు ఇళ్ళలో పెరిగాను. బడి లేని రోజుల్లో తోటల ఎస్టేట్‌లో మా అమ్మ దగ్గర, బడి ఉన్న రోజుల్లో తెలుక్ ఇంటాన్‌లో మా పెద్దమ్మ దగ్గర. పెద్దవాళ్ళు ఆ ఊరిని ఇంకా తెలుక్ ఆన్సన్ అనే పాత పేరుతోనే పిలిచేవాళ్ళు. ఊరి పక్కనే నది. మధ్యాహ్నాలు నది మీంచి వచ్చే తడిగాలికి దండెం మీది బట్టలు కూడా నిద్రపోతున్నట్టు వేలాడేవి. ఇప్పుడు ఆ రోజుల్ని తలచుకుంటే అన్నీ ఆ గాలిలోంచే కనబడతాయి, కొంచెం మసకగా, కొంచెం పసుపు రంగు ఎండలో.

పెద్దమ్మకి పిల్లలు లేరు. ఆ ఇంట్లో ఆమె, పెదనాన్న, నేను. ఊళ్ళో మన తెలుగువాళ్ళ ఇళ్ళలో ఏ శుభకార్యం జరిగినా కూరగాయలు తరగడానికి పెద్దమ్మకి పిలుపు వచ్చేది. వండేవాళ్ళు ఎవరైనా దొరుకుతారు గాని అలా తరిగేవాళ్ళు దొరకరని అనేవాళ్ళు. ఇంట్లో ఆమె నేల మీద కత్తిపీట వేసుకుని, ఒక కాలు మడిచి దాన్ని అదిమిపెట్టి, ఆనపకాయ ముక్కలు కోసేది. నేను ఎదురుగా గోడకి ఆనుకుని కూర్చునేదాన్ని. ముక్కలు గిన్నెలో పడే చప్పుడు వింటూ ఎన్నిసార్లు కునుకు తీశానో నాకే తెలియదు. ఆనపకాయ లోపలి తెలుపు, పెద్దమ్మ గాజులు, కిటికీలోంచి పడే వెలుతురు, అన్నీ కలిసి ఒకటే కలలా ఉండేవి.

వానలు ఎక్కువగా పడే నెలల్లో ఒకనాడు ఆమె మార్కెట్ నుంచి సైకిల్ మీద వస్తూ జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పేసరికి ఎముక అతుక్కుంది గాని మణికట్టు మునుపటిలా తిరగలేదు. కాస్త బరువు పడితే వణికేది. కత్తిపీట ముందు కూర్చుంటే కాయని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ముందుకి తొయ్యాలి. ఆమె ప్రయత్నించింది. వంకాయ చేతిలోంచి జారి గుమ్మం దాకా దొర్లుకుంటూ పోయింది. నేను పరుగెత్తి తెచ్చి ఇచ్చాను. ఆమె తీసుకోలేదు. లేచి, కత్తిపీటని గోడవారగా నిలబెట్టి, పెరటి మెట్టు మీదికి వెళ్ళి కూర్చుంది.

ఆ తరవాత వంట పెదనాన్న చేతికి వచ్చింది. ఆయన పప్పు పలచగా ఉండేది, అన్నం ఒకరోజు ముద్ద, ఒకరోజు పలుకు. పెద్దమ్మ ఏమీ అనకుండా తినేది. పిలవడానికి వచ్చినవాళ్ళకి ఒంట్లో బాగులేదని నా చేత చెప్పించేది. రోజంతా పెరటి మెట్టు మీద కూర్చుని రంబుతాన్ చెట్టు కేసి చూస్తూ ఉండేది. నేను బడి నుంచి వచ్చేటప్పటికి ఇంట్లో ఏ చప్పుడూ వినబడేది కాదు. ఆ నిశ్శబ్దం నన్ను చాలా భయపెట్టింది. పెద్దమ్మ ఇంట్లోనే ఉన్నా ఎక్కడికో వెళ్ళిపోతున్నట్టు అనిపించేది. రాత్రి పడుకునే ముందు ఆమె పమిట కొంగు వేలికి చుట్టుకుని పడుకునేదాన్ని.

బడికి సెలవులిచ్చాక, నేను ఇంకా ఎస్టేట్‌కి బయలుదేరకముందే, ఒక ఉదయం ఆమె ఉన్నట్టుండి అంది, "నాకో కత్తి కావాలి. ఓటల్లో వంటోళ్ళు నిలబడి కోస్తారు సూడు, అలాటిది."

పెదనాన్న కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "ఏటికే ఇప్పుడు? నాను సేత్తన్నాను గదా."

"నువ్వు సేసింది తింటన్నాను కాబట్టే అడుగుతన్నాను," అంది పెద్దమ్మ.

చాలా రోజుల తరవాత ఆ ఇంట్లో వినబడిన వేళాకోళం అది. పెదనాన్న నవ్వాడు. ముగ్గురం బయలుదేరాం.

వాలిపోయిన గడియారపు గోపురం దాటి, పాత దుకాణాల వరసలో ఒక సామాన్ల కొట్టు ఉండేది. తాళ్ళు, దీపాలు, అల్యూమినియం గిన్నెలు పైకప్పు దాకా వేలాడుతూ ఉండేవి. లోపల ఎప్పుడూ చల్లగా, చీకటిగా, నూనె వాసనతో ఉండేది. కొట్టు యజమాని ముసలి చీనా ఆయన. అందరూ ఆయన్ని తౌకే అనేవాళ్ళు, అంటే షావుకారు అని. ఆయనా పెద్దమ్మా మలయ్‌లో మాట్లాడుకున్నారు.

తౌకే రెండు కత్తులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. రెండూ పొడుగ్గా, పిడి దగ్గర వెడల్పుగా, ముందుకి సన్నబడుతూ ఉన్నాయి. ఒకటి ఖరీదైనది. దాని మెరుపులో నా ముఖం కనబడింది. రెండోది చవకది. పల్చటి రేకు, మామూలు చెక్క పిడి, మెరుపు అంతంత మాత్రం. నా కళ్ళు మొదటిదాన్ని విడిచిపెట్టలేదు. పెదనాన్న కూడా దాన్నే ముందుకి జరిపాడు.

పెద్దమ్మ దాన్ని కుడిచేత్తో ఎత్తింది. కత్తి మొన నెమ్మదిగా కిందికి వంగిపోయింది. ఆమె దాన్ని బల్ల మీద పెట్టేసి, చవకదాన్ని తీసుకుంది. అది వంగలేదు. బల్లకి ఆనించి చూసుకుంది. పిడి పట్టుకున్న వేళ్ళు బల్లకి తగలకుండా పైనే ఉన్నాయి. పిడి చెక్క ఎక్కడైనా కదులుతోందేమో బొటనవేలితో నొక్కి చూసింది.

"ముందే చెప్తున్నాను, అది మురా లా," అన్నాడు తౌకే. మురా అంటే చవక, లా అనేది అక్కడివాళ్ళ మాటల చివర వచ్చే ఊతపదం. "చవకదాన్ని ఖరీదైనదని నేను చెప్పను."

"రెండు రోజులకే మొద్దుబారిపోద్ది," అన్నాడు పెదనాన్న తెలుగులో.

"అదే సూద్దాం," అంది పెద్దమ్మ.

తౌకే బుట్టలో ఆయన ఇంటికని కొన్న కూరగాయలు ఉన్నాయి. పెద్దమ్మ ఒక టమాటా అడిగి తీసుకుంది. దాని మీద కత్తి పెట్టగానే చక్కగా తెగింది. సరిపోయింది, ఇంటికి వెళ్ళిపోదాం అనుకున్నాను. ఆమె మాత్రం కత్తి పట్టుకుని కొట్టు బయటికి నడిచి, వంగి, సిమెంటు మెట్టు అంచున దాని పదునుని ఈ చివర నుంచి ఆ చివర దాకా గీసింది. ఆ చప్పుడికి నా పళ్ళు పులిసినట్టయ్యాయి. తౌకే లేచి నిలబడ్డాడు.

"దీని పదును తిరిగి రాకపోయినా నేనే కొంటాను," అని తౌకేకి మలయ్‌లో చెప్పింది. నా కేసి తిరిగి, "కొత్త కత్తి ఏదైనా కోస్తాదే," అంది. "కొట్లో ఉన్నంతసేపూ అన్నీ మంచియ్యే. మొద్దుబారినాక మళ్ళా దారికొస్తాదా లేదా, అది సూడాలి."

మళ్ళీ టమాటా మీద పెట్టింది. ఈసారి తొక్క లోపలికి సొట్టపడింది గాని తెగలేదు. అప్పుడు ఆమె సానరాయి ఉందా అని అడిగింది. తౌకే లోపలి నుంచి తన సొంత రాయి తెచ్చాడు. ఎన్నేళ్ళుగా వాడాడో, మధ్యలో అరిగి కొద్దిగా గుంటపడింది.

పెద్దమ్మ ఒక చిన్న పీట మీద కూర్చుని రాయిని ముందు పెట్టుకుంది. కుడిచేత్తో పిడి పట్టుకుని, ఎడమచేతి వేళ్ళు రేకు మీద ఆనించి, రుద్దడం మొదలుపెట్టింది. మణికట్టు వణికింది. కత్తి రాయి మీంచి పక్కకి జారి కీచుమంది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ జారింది. ఆమె మెడ మీద చెమట పట్టడం చూశాను. చేతికి దెబ్బ తగిలిన తరవాత ఇంట్లోవాళ్ళ ముందు తప్ప ఆ చేత్తో ఆమె ఏ పనీ చేసి ఎరగదు. ఇప్పుడు రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా చూస్తున్నారు.

పెదనాన్న ఆగలేకపోయాడు. "ఇలాగ తే. నాను నూరతాను," అని వంగి చెయ్యి చాపాడు. నేను కూడా రాయిని పట్టుకుందామని ముందుకి జరిగాను.

తౌకే మా ఇద్దరికీ అడ్డంగా చెయ్యి పెట్టాడు. తోయలేదు. గేటు వేసినట్టు ఊరికే పెట్టాడు, అంతే. "బియార్," అన్నాడు మెల్లగా. ఉండనీ అని. తరవాత ఒక గ్లాసుతో నీళ్ళు తెచ్చి రాయి మీద కొద్దిగా పోసి, పక్కనే నిలబడ్డాడు.

ఎంతసేపు అలా గడిచిందో చెప్పలేను. రాయి ఆరినప్పుడల్లా తౌకే కాసిని నీళ్ళు పోసేవాడు. సలహా ఇవ్వలేదు, జాలి మాట అనలేదు. కొట్టుకి వచ్చినవాళ్ళు మమ్మల్ని చూసి తామే ఆగిపోయారు. నది వైపు నుంచి గాలి వచ్చి వేలాడుతున్న గిన్నెల్ని ఒకదానికొకటి తగిలించింది. ఆ సన్నటి మోత కింద కత్తి రాయి మీద నడిచే చప్పుడు క్రమంగా మారింది. కీచుమనడం తగ్గి, ఎవరో గుసగుసగా కథ చెప్తున్నట్టు సాగింది. పెద్దమ్మ మణికట్టు వణుకుతూనే ఉంది. వణికే చేత్తోనే తనకి కుదిరిన వాటం ఏదో ఆమె కనుక్కుంది. మోచేతిని మోకాలికి ఆనించి, భుజంతో లాగుతోంది.

చివరికి కత్తిని గుడ్డతో తుడిచి, సొట్టపడిన టమాటా మీద పెట్టింది. నొక్కలేదు. తనవైపు లాగింది, అంతే. తొక్క విడిపోయి ఎర్రటి రసం ఆమె వేలి మీద నిలిచింది.

"ఇది తొందరగా మొద్దుబారతాది," అంది కత్తిని చూస్తూ. "తొందరగా మాట వింటాది కూడాను. నా సేతికి ఇదే సరిపోద్ది."

దారిలో, "నీకు మంచిది కొనాలనుకున్నాను," అన్నాడు పెదనాన్న. "మంచిదే కొన్నావు," అంది పెద్దమ్మ.

ఆరోజు ఆమె బల్ల ముందు నిలబడి వంకాయలు తరిగింది. ముక్కలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒకటి మూలగా. కూరలో కొన్ని మెత్తగా కరిగిపోయాయి, కొన్ని పళ్ళ కింద కరకరలాడాయి. పెదనాన్న మారు వడ్డించుకున్నాడు. నేను గోడకి ఆనుకుని, నేల మీద కాక బల్ల మీద నుంచి వస్తున్న ఆ కొత్త చప్పుడు వింటూ కళ్ళు మూసుకున్నాను. కొన్ని నెలలకి పిలుపులు మళ్ళీ మొదలయ్యాయి. అందరూ నేల మీద కత్తిపీటలతో కూర్చుంటే మా పెద్దమ్మ ఒక్కతే బల్ల వేయించుకుని నిలబడి తరిగేది. ఆ కత్తిని రోజూ పొద్దున్న కాసేపు రాయి మీద నడిపించేది. ఏళ్ళు గడిచేకొద్దీ రేకు అరిగి సన్నబడింది గాని దాన్ని ఆమె మార్చలేదు.

చవక కత్తి కొనొచ్చా అని నన్ను ఎవరడిగినా ఆమె చెప్పినట్టే చెప్తాను. బరువు నీ చేతికి సరిపోవాలి, పిడి కదలకూడదు, మొద్దుబారాక రాయి మాట వినాలి. ఆరోజు నేర్చుకున్నది ఇదేనని చాలా ఏళ్ళు అనుకున్నాను. ఆ తరవాత మావారికి పక్షవాతం వచ్చి తగ్గాక, ఒక ఉదయం ఆయన చొక్కా బొత్తాం పెట్టుకోలేక తంటాలు పడుతుంటే నా చేతులు వాటంతట అవే ముందుకి వెళ్ళాయి. ఎందుకో ఆగిపోయి వాటిని వెనక్కి తీసుకున్నాను. పక్కన కూర్చున్నాను. బొత్తాం పడేసరికి కాఫీ చల్లారిపోయింది. ఆయన ముఖం మాత్రం ఆరోజు పెద్దమ్మ ముఖంలా ఉంది.

ఇప్పుడు క్లాంగ్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. రాజధానిలో బ్రిక్‌ఫీల్డ్స్ పేటలో గది తీసుకుని ఉద్యోగం చేస్తున్న మనవరాలు మొన్న ఆదివారం వచ్చి, ఫోన్‌లో ఒక కత్తి బొమ్మ చూపించింది. దాని కింద మెచ్చుకోళ్ళు బారెడున్నాయి. మనవరాలికి తెలుగు అర్థమవుతుంది గాని మాటలు తొందరగా దొరకవు. "అమ్మమ్మా, ఇది మురా లా. వాడితే మొద్దు అయిపోతాది. మళ్ళా దానికి..." అని ఆగిపోయింది. పదును అన్న మాట కోసం వెతుకుతోంది. మా అమ్మాయి అందించబోతే నేను తల అడ్డంగా ఊపాను. మనవరాలు కిటికీ కేసి చూసింది, పెదాలు కదిపింది, నవ్వింది.

"మళ్ళా దానికి నోరొస్తాదా?" అంది.

వస్తాదని చెప్పాను. అంతకన్నా మంచి మాట నేను అందించగలిగి ఉండేదాన్ని కాదు.