నా వేలు తగిలి మూసుకుపోయిన యాప్

ఇది నేను చెప్తుంటే నా కూతురు రాస్తోంది. నాకు సంతకం పెట్టడం, ఒకటీ అరా మాట కూడబలుక్కోవడం వరకే వచ్చు. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. కంప్యూటరు మాటలు మాత్రం దాన్నే సరిచూసుకోమన్నాను, ఆ రోజు జరిగింది నాకు ఇప్పటికీ సగమే అర్థమైంది గనుక.

ఆళ్లగడ్డలో శిల్పాల షెడ్డులో మా ఆయన విగ్రహాలు చెక్కేవాడు, నేను పాలిష్ పట్టేదాన్ని. ఆయన పోయాక కూడా నేను ఆ పని విడవలేదు. నీళ్లు, రాపిడి రాయి, నా వేళ్లు. అందుకే నా వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. పింఛను మిషను నా వేలును ఒప్పుకోదు. నాలుగుసార్లు తుడిచి పెట్టాలి.

కూతురు నంద్యాలలో ఫోను యాప్‌లు చేయడం నేర్చుకుంది. అక్కడే ఒక చిన్న ఆఫీసు సారు, ముందు ఒకటి చేసి చూపిస్తే పనిస్తానన్నాడు. అది మా షెడ్డు విగ్రహాలతోనే ఒక యాప్ చేసింది. బొమ్మ కింద బటన్ నొక్కితే "చెక్కుతున్నారు" అనే అక్షరాలు పోయి "సిద్ధం" అని రావాలి. వస్తే ఉద్యోగం. రాకపోతే అది కూడా నా పక్కన కూర్చుని రాయి రుద్దాల్సిందే. నేను తోడుగా బస్సెక్కాను.

సారు ఫోను తీసి నా చేతికిచ్చాడు. "చేసినోళ్లు ఎట్లయినా నొక్కుతారు. నువ్వు నొక్కమ్మా, చూద్దాం."

నొక్కాను. యాప్ ఠక్కున మూసుకుపోయింది.

"నా వేలే సామీ! ఇది యాడా పనిచేయదు. పాపతో నొక్కించు."

కూతురు నొక్కింది. అప్పుడూ మూసుకుపోయింది. నా చెమట అంటిందేమోనని కొంగుతో ఫోను తుడవబోయాను.

"మా, రోంతసేపు ఊరికే ఉండు," అంది అది పళ్లు బిగించి.

"భోజనానికి పోయొస్తా. అంతలోపల కనుక్కో," అని సారు వెళ్లిపోయాడు.

అది ల్యాప్‌టాప్‌లో కిందికీ పైకీ చూసి, చూసి, నుదురు కొట్టుకుంది.

"ఏందే?"

"అక్షరాలు చూపించే పెట్టెకు పైన ఒక పేరు పెట్టుకోవాల మా, కోడ్ అంతటికీ తెలిసేటట్టు. పెట్టినా. మళ్లా కింద, స్క్రీన్ తెరుచుకునే కాడ, అదే పేరుతో ఇంకోదాన్ని పుట్టించినా. పెట్టెను దానికి అప్పజెప్పినా. పైది ఖాళీగా ఉండాది."

"ఒకే పేరు రెండింటికి ఎట్ల పెడ్తావే?"

"మనింట్లో పెట్టలేదా? నాయనకూ అహోబిలం సామి పేరే, చిన్నాయనకూ అదే. నేను పెట్టెను చిన్నాయన చేతికిచ్చినా. ఆయప్ప దాన్ని తీసుకోని దొర్నిపాడుకు పాయ. నువ్వు నొక్కితే బటన్ పెట్టె కోసం నాయన్ను అడిగింది."

"మీ నాయన యాడుండాడే?"

అది తలెత్తి నా మొహం చూసింది.

"అదే మా. లేడు. దానికే మూసుకుపాయ."

ఇంత గొడవకు కొత్తగా చాలా రాస్తుందనుకున్నాను. కింది వరుసలో ఒక్క మాట చెరిపింది, అంతే. ఇక రెండోది పుట్టదట, పెట్టె పైపేరుకే దొరుకుతుందట. బటన్ అదే, వేలు అదే. ఒక మాట తీసేస్తే ఎట్లా బాగవుతుందో నాకు తలకెక్కలేదు.

సారు వచ్చి మళ్లీ ఫోను నాకే చాపాడు. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"నేను నొక్కను సామీ. దాని బతుకు ఇది."

"నువ్వే నొక్కాల," అంది కూతురు.

పింఛను మిషను దగ్గరలాగే వేలు నాలుగుసార్లు తుడిచి, కళ్లు మూసుకుని నొక్కాను.

"కండ్లు తెరువు మా."

"సిద్ధం" అని ఉంది. నేను కూడబలుక్కుని చదివాను. సారు ఇంకో మూడుసార్లు నొక్కించి, తప్పెక్కడ జరిగిందని కూతుర్ని అడిగాడు. అది దాచకుండా చెప్పింది. "సోమవారం వస్తావా?" అన్నాడు.

మొన్న పింఛను మిషను మళ్లీ నా వేలును వద్దంది. "నా వేలును అనొద్దప్పా," అన్నాను అక్కడి ఆయనతో. "లోపల ఒకే పేరుతో రెండు పెట్టినారేమో చూడు."

"ముందు నువ్వు వేలు తుడువు అవ్వా," అన్నాడు.

తుడిచాను.