మేడం గారి కొవ్వు స్లైడు

ముందుగా మెదక్ పట్టణ పౌరులకు, జీవశాస్త్ర లోకానికి, మనందరి ఒంట్లో కొలువున్న సమస్త కొవ్వు కణాలకు చేతులు జోడించి క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఇంత పెద్ద మనిషి గురించి రాయడానికి జిల్లాలో ఇంకెవరూ ఖాళీగా లేనందువల్ల ఆ భారం నా మీద పడింది. ఇందులో మటన్ దుకాణం వస్తది, కుల్ఫీ బండి వస్తది, డబుల్ కాట్ మంచం వస్తది. సంతాప వ్యాసాల్లో తప్పక రావాల్సిన దీపం ఆరిపోవుడు, నక్షత్రం రాలిపోవుడు మాత్రం రావు. అందుకు మరొక్కసారి మన్నించగలరు.

సంగతేందంటే, మా డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పిన మేడం పోయిన మంగళవారం పొద్దున చనిపోయింది. క్లాసు వాట్సాప్ గ్రూపులో వార్త వచ్చింది. కింద అందరూ దండం బొమ్మలు పెట్టిండ్రు. నేనూ పెట్టిన. అప్పుడు నేను రామాయంపేటలో, నేను పనిచేసే రక్తపరీక్షల ల్యాబులో ఉన్న. చేతిలో ఎవరిదో రిపోర్టు ఉంది. దాంట్లో ట్రైగ్లిజరైడ్ అనే మాట దగ్గర కన్ను ఆగిపోయింది. ఆ మాట నాకు నేర్పింది ఆమెనే.

మేడం మనిషి నిండుగ ఉండేది. ఫస్టియర్ మొదటి క్లాసులోనే ఆ సంగతి ఆమె తేల్చేసింది. "పుస్తకంల బొమ్మ చిన్నగున్నది. ఎనక బెంచీలోళ్లకు కనబడకుంటే నన్ను చూడుండ్రి. రాసుకోండ్రి, కొవ్వు అంటే ఊకె పడి ఉండేది కాదు, పని చేసే అవయవం." నవ్వాల్నా వద్దా అని మేం పరేషాన్ అయితుంటే, "నవ్వితే నవ్వుండ్రి గాని, రాసుకుంట నవ్వుండ్రి" అన్నది.

ప్రాక్టికల్స్ కోసం మమ్మల్ని ఆదివారం మటన్ దుకాణానికి తోలేది. మా ఊర్లో ఆదివారం పొద్దున మటన్ దుకాణం ముందు ఎంత మంది ఉంటరో తెలిసిందే. అంత మందిలో నిలబడి నేను అడిగిన.

"అన్నా, మూత్రపిండం మీది కొవ్వు జరంత కావాలె."

"ఎంత?"

"పోకచెక్కంత."

"గింతకు కూరేమైతది రా?"

"కూరకు కాదన్నా, చూసుడికి."

ఆయన కత్తి పక్కకు పెట్టి నన్ను కిందికీ పైకీ చూసిండు. "చూసుకుంట బువ్వ తింటరా?" అన్నడు.

సెకండియర్‌లో కొవ్వు కణం లోపలికి కొవ్వు ఎట్లా పోతుందన్న పాఠం మాకెవరికీ ఎక్కలేదు. మేడం ఎల్దుర్తి నుంచి వచ్చే అమ్మాయిని లేపింది.

"మీ ఇంట్ల డబుల్ కాట్ మంచం కొన్నరట గదా. దర్వాజల పట్టిందా?"

"పట్టలే మేడం. ఇప్పి తీస్కపోయిండ్రు."

"ఎవలు ఇప్పిండ్రు?"

"వడ్లాయన."

"గంతే. రక్తంల వచ్చిన కొవ్వు గూడ ఉన్నదున్నట్టు కణం లోపలికి పోదు. దర్వాజ కాడ మన వడ్లాయన ఉంటడు. పేరు లైపోప్రోటీన్ లైపేజ్. మూడు చెక్కలు ఇప్పుతడు. చెక్కలు లోపలికి పోతయి, పాత చట్రం బయట్నే ఉంటది, లివరుకు పోతది. లోపల కణం చక్కెర తీసుకొని కొత్త చట్రం చేసుకుంటది. దానికి చెక్కలు మళ్ల బిగిస్తది. అయిపాయె, కొవ్వు జమయింది."

వడ్లాయనంటే వడ్రంగి, చెక్కలంటే ఫ్యాటీ ఆమ్లాలు, చట్రమంటే గ్లిజరాల్. ఇప్పటికీ ఎవరింట్లోనైనా మంచం బిగిస్తుంటే నాకు ఆ క్లాసే గుర్తొస్తది.

"మరి బయటికెట్ల వస్తది మేడం?" అని అడిగింది నేను. తెలుసుకుందామని కాదు, బెల్లు కొట్టేదాక గుంజుదామని.

"నువ్వు తిని పండుకున్నవనుకో. ఇన్సులిన్ వచ్చి గొళ్లెం పెడుతది, ఎవ్వలు ఏం తియ్యొద్దని. గదే నువ్వు లేటుగ లేచినవ్, రేగోడ్ బస్సు కదిలింది, ఎనక ఉరుకుతున్నవ్. అడ్రినలిన్ వచ్చి గొళ్లెం తీస్తది. అంత ఒక్కపారే కూలగొట్టరు. ముగ్గురు ఎంజైములు, ఒకలెనక ఒకలు, ఒక్కొక్క చెక్క తీస్తరు. ఆ చెక్కలు ఆల్బుమిన్ అనే ఆటో ఎక్కి నీ కాళ్ల కండలకు పోతయి. నువ్వు బస్సెక్కుతవ్."

"ఎక్కకపోతే మేడం?"

"ఇంకింత కరుగుతది. కూసో."

ఇక స్లైడు సంగతి. కాలేజీల్లో మామూలుగా స్లైడు చేసే పద్ధతిలో ముక్కను స్పిరిట్‌లో నానబెడతరు. స్పిరిట్ కొవ్వును కరిగిస్తది. అంటే పద్ధతి ప్రకారం పోతే కొవ్వు కణంలో కొవ్వొక్కటి తప్ప అన్నీ కనబడతయి, ఉత్త వల లెక్క. మేడంకు అది నచ్చేది కాదు. "ఖాళీ ఇల్లు చూపెట్టి గిదే సంసారమంటే ఎట్ల?" అనేది.

అందుకని వేరే దారి పట్టింది. మా ల్యాబ్ అటెండర్ ఉన్నడు. పిల్లలందరం మామ అంటం, మేడం మాత్రం అన్నా అనేది. మామ కుల్ఫీ బండి దగ్గర ఐసు తెచ్చి, దాంట్లో ఉప్పు కలిపేటోడు. ఆ చలికి కొవ్వు ముక్క గడ్డకట్టంగనే మామ పట్టుకునుడు, మేడం కొత్త బ్లేడుతో కోసుడు. పొర మందమైతే పడేసుడు, మళ్ల కోసుడు. రెండు వారాలు మామ చేతులు ఐసుకు తెల్లగ పాలిపోయి ఉండె. ఆఖరికి ఒక్క పొర కుదిరింది. దానికి రంగులు పట్టించి, పైన పల్చటి అద్దం పెట్టి, అంచులకు తన నెయిల్ పాలిష్ పూసింది.

మైక్రోస్కోపులో చూస్తే ఎర్రటి బుడగలు, ఒకదాన్నొకటి ఒరుసుకుని. ప్రతి బుడగ అంచున నలిగిపోయి ఒక నీలం చుక్క, కణం న్యూక్లియస్. "సామాను నిండితే ఇంటాయన గోడకు ఒత్తుకొని నిలబడ్డడు చూడు" అన్నది మేడం. ఆ స్లైడును బిస్కెట్ల డబ్బాలో పెట్టి, చిన్న తాళమేసి, చాబీ మామకిచ్చింది. మామ దాన్ని మొలతాడుకు కట్టుకున్నడు.

ప్రాక్టికల్ పరీక్ష పొద్దున స్లైడు బయటికి తీస్తే ఎరుపు లేదు. మేడం మైక్రోస్కోపులో చూసింది, కన్ను తుడుచుకుని మళ్ల చూసింది.

"అన్నా, గిది స్పిరిట్‌ల పెట్టినవా?"

"లేదు మేడం."

"గ్లాసులన్ని కడిగేది నువ్వే గదనే. యాదిమరిచి పెట్టినవేమో."

"నేను పెట్టలే మేడం."

మేడం అరవలేదు. చెయ్యి చాపి "చాబీ నాకియ్యి" అన్నది. మామ మొలతాడు ముడి విప్పడానికి చానసేపు పట్టింది. మేమందరం చూస్తనే ఉన్నం.

వేరే కొవ్వు స్లైడు లేక ఆ తెల్ల స్లైడునే మిగతా స్లైడ్ల నడుమ కలిపి పరీక్షలో పెట్టిండ్రు. అది కొవ్వు కణజాలమని రాసింది క్లాసు మొత్తంలో నేనొక్కణ్నే. "శెబ్బాష్, ఖాళీ ఇంటిని గూడ గుర్తుపట్టినవ్" అని మేడం నా వీపు తట్టింది. మామ ఆ తర్వాత కూడా గ్లాసులు కడిగిండు, బల్లలు తుడిచిండు. కుల్ఫీ బండి దిక్కు మాత్రం పోలేదు. ఇంకో స్లైడు తయారు కాలేదు.

పోయిన ఎండకాలం మేడంకు బాగాలేదంటే ఇంటికి పోయిన. గుర్తుపట్టలేకపోయిన. సగం మనిషి అయింది. చేతి మీది వదులు చర్మం రెండు వేళ్లతో పట్టి చూపించింది. "చూసినవా, లైపాలిసిస్. ఇన్నేండ్లు మోసిన సామాను, ఒక్కొక్క చెక్క తీసి వాడుకుంటున్న. కణాలు ఏడికి పోవు, ఖాళీగ, చిన్నగయి ఉంటయి. పరీక్షల అడిగితే గిట్లనే రాయి." నేను నవ్విన. అప్పుడు అడిగింది.

"మన అన్న ఎట్లున్నడు? ఆ రోజు అందరి ముంగట చాబీ అడిగిన. అడగకపోతే మంచిగుండేది. ఆయన పెట్టలే అంటె నమ్మబుద్ధి అయితది, మరి స్లైడు దానంతటది మునుగదాయె."

"మంచిగున్నడు మేడం" అని, చాయ్ తాగి వచ్చేసిన.

సమాధుల తోటలో అందరం మట్టి వేసినంక, మేడం చెల్లెలు మామ దగ్గరికి వచ్చి బిస్కెట్ల డబ్బా చేతిలో పెట్టింది. "అక్క మీకియ్యమన్నదన్నా." తాళానికి చాబీ ఉన్నది. మామ అక్కడే తీసిండు. లోపల ఆ స్లైడు, దాని మీద స్లైడు పేరు రాసిన మేడం చేతిరాత చీటీ. మామ దాన్ని ఎండకు ఎత్తి పట్టి చూసిండు. ఉత్త అద్దం, అవతల ఆకాశం కనబడుతున్నది.

"మేడం నన్ను మాఫ్ చేసింది రా" అన్నడు. స్లైడు మళ్ల డబ్బాలో పెట్టుకుంట, "నేను తప్పు చెయ్యకున్నా చేసింది" అన్నడు.

"అవు మామా" అన్న నేను.

నిన్న పొద్దున మామ ఇంటికి పోయి సంగతంతా చెప్పిన. తిడతడేమో, కొడతడేమో అనుకున్న. మామ తలొంచుకొని విన్నడు. చాబీ మళ్ల మొలతాడుకే ఉన్నది.

"నాకు చెప్పినవ్, మంచిది. మేడంకెవలు చెప్తరు?"

మేడం, పరీక్ష ముందురోజు మధ్యాహ్నం మామ డబ్బా తెరిచి బల్ల మీద పెట్టి తినపోయిండు. నేను మైక్రోస్కోపులోంచి ఫోన్‌తో ఆ బుడగల ఫొటో తీసి, కింద "మా మేడం పాస్‌పోర్ట్ ఫొటో" అని రాసి స్టేటస్ పెడదామనుకున్న. నా వేళ్లకు సమోసా నూనె ఉండె. స్లైడు మరకైంది. గట్టిగ తుడిస్తే పైన అద్దం జారింది. భయమై, మరకన్నా పోతదని మొత్తం స్పిరిట్ సీసాలో వేసిన. అంచున న్యూక్లియసులు నిలబడే ఉన్నయి, ఎరుపంతా సన్నటి పొగ లెక్క లేచి స్పిరిట్‌లో కలిసిపోయింది. చూసుకుంట నిలబడి, అద్దం కప్పి మళ్ల డబ్బాలో పెట్టింది మామ కాదు మేడం, నేను.