వాషింగ్టన్‌కి చేరాల్సిన ఉప్మా సంగతి

ఫోన్‌లో రాయడం నాకు సరిగా రాదు. అక్షరాలు తప్పితే మన్నించండి.

అమెరికా బయటి దేశాలకిచ్చే సాయానికీ, ఇక్కడి పబ్లిక్ రేడియోకీ సర్కారు డబ్బు ఆపేస్తారని వారమంతా వింటున్నాను. పౌరసత్వం వచ్చాక ఎవరినీ ఏదీ అడగలేదు. ఈ రోజు మా అమ్మాయి సుజాతను వెంటబెట్టుకుని, చికాగో పక్కనున్న మా షామ్‌బర్గ్ తరఫున వాషింగ్టన్‌లో కాంగ్రెస్‌లో ఓటేసే ఆయనకి ఇక్కడున్న ఆఫీస్‌కి వెళ్ళాను. పెద్దవాళ్ళ దగ్గరికి ఒట్టి చేతులతో వెళ్ళకూడదని రెండు నిమ్మకాయలు పట్టుకెళ్ళాను.

ఆయన లేరు. బల్ల దగ్గర ఇక్కడే పుట్టిన తెలుగు పిల్ల ఉంది. నిమ్మకాయలు చూసి కంగారుపడింది.

"అంకుల్, గిఫ్ట్స్ తీసుకోకూడదు. రూల్."

"గిఫ్ట్ కాదమ్మా, మర్యాద."

"నాన్నా, ముందు వచ్చిన పని చెప్పు," అని సుజాత గొణిగింది.

మా ఊరి బడిలో మధ్యాహ్నం పెట్టిన ఉప్మా అమెరికా పంపిన రవ్వతో చేసిందేననీ, అది లేకపోతే నేను బడికే వెళ్ళేవాణ్ణి కాదనీ చెప్పాను. ఇంట్లో అందరూ పనికి వెళ్ళాక నాకు తోడు ఆ రేడియోనేనని కూడా చెప్పాలనుకున్నాను. అంతలోనే ఆ పిల్ల అడ్డొచ్చింది.

"సో అంకుల్, మనీ ఇవ్వాలి, ఆర్ వద్దు?"

"ఇవ్వాలమ్మా."

"ఓకే, నోట్ చేశాను."

అంతే. నా తిండీ నా చదువూ ఆమె కంప్యూటర్‌లో ఒక టిక్కు అయ్యాయి. వాషింగ్టన్‌లో ఎన్ని టిక్కులన్నదే లెక్కట. నాదొక్కటే ఉంటే ఏం లాభం? మీరెవరైనా మీ ఊరి తరఫున అక్కడ ఓటేసేవాళ్ళకి చెప్పారా? ఏమన్నారో త్వరగా రాయండి, ఈ డబ్బు మీద వాళ్ళ ఓటింగ్ దగ్గర పడుతోంది.