కోసింది రంపమే
ఎన్నికల రోజులవి. జమ్మలమడుగులో ఒక పార్టీ సభకు వేదిక కడుతున్నాం. చెక్కకు తగులుకుంటోందని మా తమ్ముడు ఓబులేసు కరెంటు చేతిరంపం పళ్లచక్రం మీది మూతను పైకెత్తి తీగతో కట్టేశాడు. స్విచ్ వదిలి, చక్రం ఆగకముందే రంపాన్ని పక్కకు దించాడు. తొడ తెగి నెత్తురు చిమ్మింది.

ఆసుపత్రిలో కట్టు కట్టకముందే ఆ పార్టీ నాయకుడు వచ్చి వంగి, "అవతలోళ్లు నరికినారని చెప్పప్పా. నీ ఇల్లు మేం చూసుకుంటాం" అన్నాడు.

"మూత కట్టేసింది నేను, కోసింది రంపం. అది యా పార్టీదో దాన్నే అడుగుపో!" అన్నాడు తమ్ముడు.

అవే వాడి ఆఖరి మాటలు. ఆ మాటతో ఊళ్లో ఇంకో తల తెగలేదు. రంపం పట్టేవాళ్లు ఆ మూతను ఎన్నడూ కట్టేయకండి.

నరికినారని చెప్పుంటే వాడి శవం వెంట జెండాలు నడిచేవి. రంపమన్నందుకు ఒక్క దండైనా రాలేదు.