ఎలుకల పుస్తకంలో బుడ్డి వంతు సున్నా

ఆ రోజుల్లో మనిషి మాటను మనిషి నమ్మేవాడని మా తరంవారు తరచూ చెప్పుకుంటారు. నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. తేదీ ఉండాలి, అంకె ఉండాలి. ఆ రెండూ లేని సంగతి నా దృష్టిలో జరగనట్టే. అందుచేత ఈ సంగతి జరిగిన సంవత్సరాన్ని ఖచ్చితంగా చెప్పలేకపోవడం నాకు సిగ్గుగానే ఉంది. నా ఎలుకల పుస్తకం అట్టమీద సంవత్సరం వేసుకున్న మాట వాస్తవం. ఒకటి, తొమ్మిది, అయిదు అనే మూడు అంకెలు నేటికీ చక్కగా కనిపిస్తాయి. నాలుగవ అంకెను ఎలుక తినివేసింది. (ఏ ఎలుక అన్నది పుస్తకంలో నమోదు కాలేదు.)

షోలాపూరు అశోక్ చౌక్ దగ్గరి నేతగాళ్ల వాడలో మా మామకు కార్ఖానా ఉండేది. కార్ఖానా అంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక పొడవాటి రేకుల కొట్టం, అందులో నాలుగు గుంత మగ్గాలు. ఒకటి మామది, ఒకటి ఆయన కొడుకైన మా బావది, ఒకటి పందొమ్మిదేళ్ల నాది. నాలుగవదానిమీద మా మేనత్త, అంటే మామ భార్య, వంట ముగించుకుని వచ్చి కూర్చునేది. పడుగుకు జొన్నగంజి పట్టిస్తే గానీ నూలుకు బిగువు రాదు. ఆ గంజి మాకు పని, ఎలుకలకు భోజనం. సెలవునాడు మధ్యాహ్నం మగ్గాలు ఆగగానే బావా నేనూ వేటకు బయలుదేరేవాళ్లం. రెండు కర్రలు, మూడు బోనులు, కన్నాలకు పొగ పెట్టడానికి ఒక కుంపటి, వాటితోపాటు నా పుస్తకం. తేదీకి ఒక గడి, చోటుకు ఒకటి, ఎరకు ఒకటి, సంఖ్యకు ఒకటి, ముక్కు మొదలు తోక చివరి వరకు పొడవుకు ఒకటి, అన్నిటికీ చివర నా అభిప్రాయానికి ఒకటి. నేను అంగుళాల కట్టె తీసిన ప్రతిసారీ బావ కర్రకు ఆనుకుని నిలబడి, "సచ్చిన ఎలుకకు అంగీ కుట్టిస్తవా ఏంది బామ్మర్దీ, గింత కొలుస్తున్నవ్?" అనేవాడు. నేను జవాబు చెప్పేవాణ్ణి కాదు. కొలిచేటప్పుడు మాట్లాడితే అర అంగుళం తేడా వస్తుంది.

మా అత్తకు ఒక పిల్లి ఉండేది. పేరు బుడ్డి. బూడిద రంగు, గుండ్రటి ఒళ్లు, రోజంతా మగ్గం గుంతలో అత్త కాళ్లదగ్గర నిద్ర. లేచినప్పుడు చేసే పని ఒక్కటే: చుట్టిపెట్టిన కండెలను పంజాతో దొర్లించి నూలంతా చిక్కు చేయడం. నేను న్యాయంగా ఆలోచించి దానికి రెండు గడులు గీశాను. ఒకటి అది పట్టిన ఎలుకలకు, రెండవది అది చిక్కుచేసిన కండెలకు. ఏడు వారాలు ఓపికగా నమోదు చేసి, ఒక భోజనాలవేళ మామ ముందు పుస్తకం విప్పాను.

"ఏడు వారాలు మామా. ఎలుకలు సున్నా. కండెలు ఇరవై మూడు."

మామకు చదువు రాదు గానీ చదువంటే భక్తి ఎక్కువ. జొన్నరొట్టె పక్కన పెట్టి ఆ గడులను దేవుడి పటాన్ని చూసినట్టు చూశాడు. "హిసాబ్ పక్కా ఉన్నది," అన్నాడు.

"పక్కా లేదు, పాడు లేదు," అంది అత్త. "నేను కూసుంటె అది నా కాళ్లమీద పంటది. గది రాసినవా పుస్తకంల?"

"దానికి గడి లేదత్తా."

"లేకుంటే గీయి. చేతిల కలమున్నది గద!"

నేను గీయలేదు. పైగా అభిప్రాయం గడిలో 'ఈ మధ్య మరీ లావెక్కినది, తిండిపోతు' అని రాసి, మరునాడు దానిని బుట్టలో పెట్టుకుని హోట్గి రోడ్డులో బర్రెలు పెట్టుకున్న ఒక పాలావిడకు ఇచ్చివచ్చాను. అత్త నాతో మాట్లాడటం మానేసింది. అన్నం మాత్రం ఎప్పటిలాగే పెట్టింది, ఆ కొలతలో తేడా రాలేదు.

ఆ తరువాతి మూడు వారాలు నా జీవితంలో మహోజ్జ్వల ఘట్టం. అంతకుముందు వారానికి ఆరో ఏడో ఎలుకలు దొరికేవి. బుడ్డి వెళ్లిన మొదటి వారం పదకొండు, రెండవ వారం పంతొమ్మిది, మూడవ వారం ఇరవై ఆరు. అదంతా నా కొత్త ఎర మహిమ అనుకున్నాను. (గంజిలో ముంచిన రొట్టె ముక్క.) పక్క కార్ఖానాల వారికి కూడా అంకెలు చదివి వినిపించాను. అత్త ఒక్కతే చీపురు ఆపి, నన్ను కాక గోడను ఉద్దేశించి, "గిన్ని దొరుకుతున్నయంటె గిన్ని ఉన్నట్టే గద?" అంది. నేను కూడా ఆ గోడకే జవాబిచ్చాను: "దొరికినవి ఉన్నట్టు కాదు, పోయినట్టు."

ఆ ఏడు శ్రావణ పౌర్ణమికి మార్కండేయుడి గుడికి వస్త్రం నేసి ఇచ్చే వంతు మా మామకు వచ్చింది. వాడలో ఇళ్లు వందల్లో ఉన్నాయి, శ్రావణ పౌర్ణమి ఏడాదికి ఒక్కటే. మామ తండ్రి ఆ వంతుకోసం ఎదురుచూస్తూనే పోయాడు. మామ స్నానం చేసి గంజి కాచాడు, పడుగు పట్టించాడు, మగ్గానికి ఎక్కించాడు, ఎవరినీ తాకనివ్వలేదు. పౌర్ణమి ఇంకా తొమ్మిది రోజులుందనగా తెల్లవారి కొట్టం తలుపు తీసి, గడపలోనే నిలబడిపోయాడు. పడుగు ఒక పక్కనంతా పోగులు తెగి జుట్టులా వేలాడుతున్నాయి. నేను పరుగున వెళ్లి, నాకు తెలిసిన ఒకే ఒక్క పని చేశాను.

"ఎన్ని?" అన్నాడు మామ నా లెక్క ముగిశాక.

"నాలుగు వందల పన్నెండు పోగులు మామా."

"మంచిగ లెక్కవెట్టినవ్. ఇగ అతుకు."

అత్తా నేనూ ఎదురెదురుగా కూర్చుని, వేళ్లకు బూడిద అద్దుకుంటూ, పోగుకు పోగు మెలిపెట్టి అతికాము. పొద్దు గూకేలోగా అయిపోయింది. మరునాడు తెల్లవారి చూస్తే మరో అరవై మూడు తెగి ఉన్నాయి. బోనుల్లో తొమ్మిది ఎలుకలు పడ్డాయి గానీ ఆ అంకె ఎవరికీ చెప్పాలనిపించలేదు. అత్త చేతుల బూడిద దులుపుకుని లేచింది. మూడు వారాల తరువాత నాతో నేరుగా మాట్లాడింది.

"బుడ్డి ఇంట్ల అడుగు వెడితెనే నేను పోగు ముడ్త. ఎనిమిదొద్దులున్నయి. పో."

పాలావిడ మరాఠీ మనిషి. నేను వచ్చిన పని చెప్పగానే తలుపుకు అడ్డంగా నిలబడి, "ఆతా నాహీ మిళణార్!" అంది. ఇక దొరకదట. నేను లెక్కల దారిలోకి దిగాను. ఇక్కడికి వచ్చాక అది ఎన్ని ఎలుకలు పట్టింది అని అడిగాను.

"ఏకహీ నాహీ," అంది గర్వంగా.

ఒక్కటీ పట్టని పిల్లి మీకెందుకు అన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసి, పసివాడికి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. అది వచ్చినప్పటినుంచి దాణా గదిలోకి ఎలుకలే రావడం లేదట. రాని ఎలుకను పిల్లి ఎట్లా పడుతుంది, నీకు బుద్ధి ఉందా, చదువుకున్నావా అసలు, అని అడిగింది. సున్నాకు ఇంకో అర్థం ఉంటుందని నాకు ఏ పంతులూ చెప్పలేదు. ఒక బర్రెల కొట్టం ముందు, పేడవాసనలో, పందొమ్మిదో ఏట నేర్చుకున్నాను.

అప్పుడు పుస్తకం మూసి, మామ సంగతి, పడుగు సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. "దేవాచం కాపడ్?" అని ఆమె గొంతు తగ్గించింది. దేవుడి బట్ట అనేసరికి తలుపు వదిలింది. లోపల గడ్డిలో బుడ్డి పడుకుని ఉంది, దాని పొట్టకు మూడు పిల్లలు అంటుకుని ఉన్నాయి. (తిండిపోతు అన్న అభిప్రాయాన్ని ఆ రోజే కొట్టివేసి, తేదీ వేసి, చేవ్రాలు చేశాను.) పౌర్ణమి దాటి, పాలు మరిచాక, రెండు పిల్లలను తిరిగి తెచ్చి ఇవ్వాలన్న షరతుమీద తల్లినీ పిల్లలనూ నాలుగింటినీ బుట్టలో పెట్టి ఇచ్చింది. హోట్గి రోడ్డు నుంచి అశోక్ చౌక్ దాకా నడిచాను. చేతులమీద బుడ్డి గోళ్ల గీతలు ఏడు.

గడపలో బావ లేచి నిలబడి బుట్టలోకి తొంగిచూశాడు. "పోయింది ఒకటి, వచ్చినయి నాలుగు. గిది ఏ గడిల రాస్తవ్ బామ్మర్దీ?" అత్త నావైపు చూడనే లేదు. బుడ్డిని ఎత్తి భుజాన వేసుకుని, "సదువుకున్నోని పాలవడితివి గదనె తల్లీ!" అని దాని వీపు నిమురుతూ, నేరుగా మగ్గం దగ్గరికి వెళ్లి బూడిద అందుకుంది.

ఆ రాత్రినుంచి పోగు తెగలేదు. మామ మగ్గం దిగకుండా నేశాడు. పౌర్ణమి ముందురోజు వస్త్రం దించాడు. గుడిలో వస్త్రాన్ని అందుకున్న వాడపెద్ద దానిమీద చెయ్యి పోనిచ్చి ఒకచోట ఆగాడు. "గిక్కడ జర గరుకున్నదేందయ్యా?" అన్నాడు. మామ చేతులు కట్టుకుని, నవ్వకుండా, "గది మా అల్లుడు లెక్కలు నేర్సుకున్న జాగ," అన్నాడు. పెద్దకు ఏమర్థమైందో తెలియదు, నవ్వి వస్త్రాన్ని స్వామికి కట్టించాడు. మామ తండ్రి ఎదురుచూసింది ఆ క్షణానికే. మామ కళ్లు తుడుచుకోవడం నేను చూశాను; ఎన్నిసార్లు అన్నది మాత్రం లెక్కపెట్టలేదు.

ఆ తరువాతి పుటలు ఇప్పుడు నా ముందున్నాయి. వారానికి నాలుగు, రెండు, ఒకటి, ఆపైన వరుసగా సున్నా, సున్నా, సున్నా. అంత పాఠం నేర్చుకున్న ఆ కుర్రవాడు ఆ సున్నాలను చూసి సంతోషించాడా? లేదు. అభిప్రాయం గడిలో 'బోను తుప్పు పట్టినది' అని ఒకచోట, 'ఎర నిన్నటిది' అని ఇంకొకచోట, 'బావ దగ్గినాడు' అని మరొకచోట రాసుకున్నాడు. అవి చదివినప్పుడల్లా వాడి భుజంమీద చెయ్యి వేసి, నాయనా, ఇవే నీ పుస్తకంలో మంచి రోజులు, కాస్త కూర్చుని అనుభవించు అని చెప్పాలనిపిస్తుంది. కానీ వాడు నాకు బాగా తెలుసు. నా మాట నమ్మడు. పెన్సిలు చెవిమీంచి తీసి, "ఏ తారీఖునుంచి ఏ తారీఖు వరకు?" అని అడుగుతాడు.